కొట్టివేత ఒకటి

దేవరకొండ రిజిస్ట్రారాఫీసు ముంగట
రేకుల షెడ్డు కింద ముప్పై ఒక్క ఏండ్లు నాది.
ఎవరి భూమి ఎవరికి పోయిందో
ఈ సిరా గుడ్డకు తెలుసు,
బొటనవేళ్లు తుడిచి తుడిచి నల్లబడ్డది.

ఇయ్యాల ఇద్దరొచ్చిండ్రు.
సైదమ్మ, జాన్‌పహాడ్ దర్గాల మొక్కితే పుట్టిందట,
మెడల మాత్రం మైసమ్మ తాయెత్తు.
ఎలిశమ్మ, నాంపల్లి దవాఖానల నర్సు,
చేతిసంచిల టిఫిన్ డబ్బా, దాని కింద బైబిలు.
సైదమ్మ మోకాళ్లు మర్రిగూడ బోరునీళ్లకు వంగినయి.
కుర్చీల కూసునేటప్పుడు
ఎలిశమ్మ అరచేయి ఆమె నడుమెన్కకు పోయింది
చూసుకోకుండనే,
చీకట్ల తలుపు గడియ దొరికినట్టు.

"వీలునామా రాయాలె."
"మీ ఇద్దరికేం సంబంధం?"
అడిగేది ఫారం, నేన్గాదు.
సైదమ్మ నవ్వింది.
"పదిహేడేండ్లు ఒక్క పొయ్యి. ఏం రాస్తవో రాసుకో."

పోయినేడు ఆపరేషన్ రోజు నల్లగొండ పెద్ద దవాఖానల
సంతకానికి పెనిమిటన్న గావాలె, రక్తసంబంధమన్న గావాలె అన్నరట.
పదకొండేండ్ల సంది మాటల్లేని తమ్ముడు
హాలియాల బస్సెక్కి వచ్చిందాక
బల్ల మీదనే పండవెట్టిండ్రట.
ఎలిశమ్మ, నర్సు బట్టలల్లనే,
గోడకు నిలవడ్డదట.

నేను దేవుణ్ణి నమ్మేటోన్ని.
శనివారం ఒక్కపొద్దు ఇడువను.
అబద్ధమెందుకు, నాకూ గొంతుల ఏదో అడ్డంపడ్డది.
పెండ్లంటే అయ్యగారు, అగ్గి, ఏడడుగులు
అనుకుంటనే కిటికీలకెల్లి లోపలికి చూసిన.
రిజిస్ట్రారు కుర్చీ మీద దేవుడి పటం,
దండ ఎండి, అగరొత్తి పొగకు మసిబారి.
ఆ పటం కిందనే ఆయన
బ్రాందీ దుకాణం లీజు చేస్తడు,
మసీదు జాగ చేస్తడు, చర్చి ప్రహరీకి హద్దులు చూస్తడు.
ఏనాడూ పటం దిక్కు తిరిగి
"చేయొచ్చా సామీ" అనలే.
గీ ఒక్క కాయితానికే ఎందుకు తిరుగుతుండు?

గుడి తలుపు గుడిది. తెరుసుకోనీ, మూసుకోనీ.
పాస్టరు కాదంటే కాదననీ.
ఖాజీ పుస్తకం ఖాజీ సంకలనే ఉండనీ.
వాళ్ల మెడవట్టి మంత్రం చదివించుమని ఎవరడిగిండ్రు?
ఈ కిటికీ మాత్రం
అగ్గిపెట్టె కొన్నప్పుడల్లా సైదమ్మ కట్టిన పైసతోని తెరిసింది.
సర్కారు అడగాల్సినయి రెండే మాటలు:
ఈడొచ్చిందా, ఇష్టమేనా.
ముద్ర కొట్టు, పక్కకు జరుగు.
మూడో మాట అడిగితే అది సర్కారు గాదు,
పెండ్లిల అలిగిన మేనమామ.

రాసుడు మొదలువెట్టిన.
తూర్పు: యాదగిరి ఇంటి గోడ. పడమర: పంచాయతీ బాట.
దక్షిణం: మోరి.
ఉత్తరం: ఎలిశమ్మ పెట్టిన బత్తాయి చెట్టు, కాపుకొచ్చినది.
నడుమ రెండర్రలు.
"నా పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలము, బలవంతము లేక,
ఇష్టపూర్వకముగా..."

కలం ఆగింది.
గీ వాక్యం గుంట భూమికి రాసిన, బర్రెల కొట్టానికి రాసిన.
నా పెండ్లప్పుడు మణెమ్మను ఎవ్వరూ గిది అడగలే.
నేనూ అడగలే.
ఇయ్యాల ఇంటికి పోయి అడిగితే నవ్వుతది.
లేకుంటే నవ్వదు.

సంబంధం అన్న కాడ "స్నేహితురాలు" అని రాసిన.
ఎలిశమ్మ చదివింది. ఏమనలే.
అద్దాలు తీసి, కొంగుతోని తుడిసి, మల్ల చదివింది.
అప్పుడు కొట్టేసిన.
పైన రాయాల్సిన మాట మా ఇండ్లల్ల ఉంది,
చట్టంల లేదు.
ఖాళీ ఇడిసిపెట్టి, పక్కన ముగ్గురం చేవ్రాలు చేసినం.
పద్ధతి ప్రకారం అడుగున రాసిన:

రెండో పేజీ, ఏడో వరుస. కొట్టివేత ఒకటి.
దిద్దుబాట్లు లేవు.